రీలు కడిగేదాకా

మొదటి రీలు ఖాళీగా వచ్చింది. విశాఖలోని ఫోటో ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టి, కింద "ఏమీ పడలేదు మేడమ్" అని రాశారు. ఫోటోలో లైటు బల్ల మీద పొడవాటి నారింజరంగు పట్టీ ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే రంగు.

నిహారిక ఆ మెసేజి టెక్కలిలో తన ఆఫీసులో కూర్చుని చూసింది. ఆమె అక్కడ జూనియర్ అసిస్టెంటు. పెన్షనుదార్ల కాగితాలు స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. సర్వర్ పనిచెయ్యనప్పుడు కాగితాలు పక్కన పేర్చుకుని ఎదురుచూడడం కూడా పనే. ఆమెకి అంతకుముందు ఫోటోల పిచ్చి ఉండేదని చెప్పలేం. రోజంతా ఏదో ఒకటి ఎక్కించే మనిషికి, ఎక్కడికీ ఎక్కించక్కర్లేని, రీలు మీద పడే ఫోటో ఒకటి ఇంకా ఉందని తెలిసి నచ్చింది. అంతే.

జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పోతుంది. ఇల్లు కోటబొమ్మాళిలో. తండ్రి ఉమాపతి అక్కడ ఒక చిన్న శివాలయంలో అర్చకుడు. తమ్ముడు విజయనగరంలో చదువుతున్నాడు. అందుకని ఆమె మంచి కెమెరాల జోలికి పోకుండా, ఎవరో వాడి అమ్మేసిన బొమ్మ కెమెరా ఒకటి ఆన్‌లైన్లో కొంది. పెట్టె ప్లాస్టిక్, లెన్సు కూడా ప్లాస్టిక్. ఎండ బొమ్మ ఒకటి, మబ్బు బొమ్మ ఒకటి ఉన్న మీట తప్ప మార్చుకోవడానికి ఇంకేమీ లేదు. బ్యాటరీ లేదు, తెర లేదు. చేతిలోకి తీసుకుంటే ఖాళీ సబ్బుపెట్టె అంత బరువుంటుంది. కొన్నాక తెలిసింది, కెమెరా చవకే గాని రీలు చవక కాదని, రీలు కడిగించడం అంతకన్నా కాదని.

"అయితే నువ్వు తీసిన ఆ ముప్పై ఆరూ ఎక్కడికి పోయినట్టు?" అని ఆ రాత్రి భోజనాల దగ్గర ఉమాపతి అడిగాడు.

"ఎక్కడికీ పోలేదు నాన్నా. అసలు పడలేదు."

టెక్కలి కాంప్లెక్సులో బస్సులు, ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్లు, గుడి వెనక తీగ మీద ఆరేసిన ఆయన పంచెలు, అన్నీ తీశాననే ఆమె అనుకుంది. ఉమాపతి "పోనీలే, ఎవరికీ నష్టం లేదుగా" అని మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు ఆమె ల్యాబ్‌కి ఫోన్ చేసింది. ల్యాబ్ నడిపేది మన్మథరావు అనే పెద్దాయన. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. "రీలు లోపలి పళ్లకి తగులుకోలేదమ్మా. మీరు చక్రం తిప్పినప్పుడల్లా అంకె మారింది గాని రీలు కదల్లేదు."

"కదిలిందో లేదో బయటనుంచి ఎలా తెలుస్తుందండీ?"

"ఎడంపక్కన రీలు వెనక్కి చుట్టే పిడి ఉంటుంది చూడండి. మీరు కుడిపక్క చక్రం తిప్పుతుంటే అది కూడా తిరగాలి. తిరగలేదంటే లోపల ఏమీ జరగట్లేదన్నమాట."

పాడైన రీలుని పారెయ్యొద్దని, దాంతోనే ఎక్కించడం నేర్చుకోమని కూడా చెప్పి, కొరియర్లో పంపించాడు. నిహారిక వారం రోజులు పడుకునే ముందు దాన్ని ఎక్కించి, తీసి, మళ్లీ ఎక్కించింది. మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని. రెండో రీలు కొనడానికి రెండు జీతాలు ఆగాల్సొచ్చింది. ఈసారి తనకి తనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. సాయంత్రం తియ్యకూడదు. ఎండ వీపు మీద ఉండాలి. మనిషైనా వస్తువైనా రెండు బారల దూరంలో ఉండాలి. ఒక చోటికి వెళ్తే పది కంటే ఎక్కువ తియ్యకూడదు.

కోటబొమ్మాళి సంతలో పది తీసింది. పిడి తిరుగుతోందో లేదో ప్రతిసారీ చూసుకుంది. తిరిగింది.

*

మార్చి నెలాఖరున ఒక ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద ఉద్దానం వైపు బయల్దేరింది. పలాస దాటి, మందస దాటి, సముద్రం వైపు తిరిగే దారి పట్టుకుంది. దిగువపేట అనే ఊరి దగ్గర జీడితోటలు మొదలయ్యాయి. పళ్లు రాలే కాలం. తోటంతా పుల్లటి, ఘాటైన వాసన. స్కూటీ గట్టు మీద ఆపి లోపలికి నడిచింది.

ఒక తోటలో చెట్ల మొదళ్ల మీద తెల్ల రంగుతో అంకెలు వేసి ఉన్నాయి. నల్లటి వంకర మానుల మీద ఆ తెల్ల అంకెలు ఆమెకి చాలా బాగా కనిపించాయి. పది దాటకూడదన్న కట్టుబాటు మర్చిపోయింది. వంగి ఒకటి, పక్కకి జరిగి ఒకటి, వరసగా తీసుకుంటూ పోయింది.

ఆ అంకెల సంగతి ఆమెకి తెలీదు. సంక్రాంతి వెళ్లాక ఎవరో నలుగురు జీపులో వచ్చి, ఎందుకో చెప్పకుండా చెట్లు లెక్కపెట్టి, అంకెలు వేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఊళ్లో నోటికొకటి పుట్టింది. తోటలు తీసుకుంటారన్నారు, రోడ్డు వస్తుందన్నారు, కంపెనీ వస్తుందన్నారు. అడగడానికి వెళ్లినవాళ్లకి ఏ ఆఫీసులోనూ సరైన జవాబు దొరకలేదు.

"ఎవులు మీరు?"

నిహారిక తల తిప్పింది. లుంగీ ఎగ్గట్టి, చేతిలో జీడిపళ్లు రాల్చే వాసం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ తోట అతనిదే. పేరు ధనుంజయ.

"ఊరికే ఫోటోలు తీసుకుంటున్నానండీ."

"ఊరికే ఎవులైనా నెంబర్లు తీత్తారేటి?"

అతని కేక విని ఇంకొందరు వచ్చారు. ఒకామె నిహారిక మెడలో సంచితో పాటు వేలాడుతున్న గుర్తింపు కార్డు చూసింది. ఆదివారమైనా అలవాటు కొద్దీ దాన్ని మెడలో వేసుకుని వచ్చేసింది. కార్డు మీద ప్రభుత్వ ముద్ర ఉంది.

"గవర్నమెంటే. సూడండి, నానన్నానా?" అన్నాడు ధనుంజయ. "మొన్న జీపులో వచ్చినోల్లు సాల్లేదని ఇప్పుడు ఆడమనిషిని పంపినారు."

తను పెన్షన్ల పని చేస్తానని, తోటలకీ తనకీ సంబంధం లేదని నిహారిక చెప్పింది. గొంతు వణికింది. వణకడం వల్ల అది అబద్ధంలాగే వినిపించింది.

"సరే, తీసినవన్నీ డిలీట్ సేసి ఎల్లిపో."

"డిలీట్ అవ్వవండీ దీన్లో."

"అవ్వకపోడమేటి? ఇలగియ్యి."

కెమెరా లాక్కుని వెనక్కి తిప్పి చూశాడు. నల్ల ప్లాస్టిక్ పలక తప్ప ఏమీ లేదు. కింద చూశాడు, పైన చూశాడు. తెర ఎక్కడా లేదు. చుట్టూ ఉన్నవాళ్లకి చూపించాడు. ఎవరో పిల్లల బొమ్మలాగుంది అన్నారు. బొమ్మలాగుంటే ఎవులికీ అనుమానం రాదని అలాగ సేసినారు అన్నారు ఇంకెవరో. ఆ మాట అక్కడున్నవాళ్లకి నచ్చింది.

అప్పుడు చెట్టు కింద కూర్చుని పళ్ల నుంచి పిక్కలు వలుస్తున్న ముసలాయన లేచి వచ్చాడు. ధనుంజయ తండ్రి నూకయ్య. కెమెరా చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఊపి, "రీలుదిరా ఇది. పలాసలో మీ పెల్లి ఫోటోలు తీసిన రకం. కడిగితే గాని కనపడదు" అన్నాడు.

"అయితే తీసి పారేత్తే పోద్ది" అని ధనుంజయ వెనక మూత గొళ్లెం మీద వేలు పెట్టాడు.

"తియ్యకండి!" అంది నిహారిక. "వెలుగు తగిలితే మొత్తం పోతాయి. సంతలో తీసినవి కూడా."

"పోతే పోనీ. నాక్కావలసిందదే."

"ఒగ్గీ బావా," అంది ఒకామె. ఇందాక కార్డు చూసినది ఆమే. ధనుంజయ భార్య దేవి. నలభై దాటిన మనిషి, చేతులకి జీడి జిగురు మరకలు. "తీసేత్తే ఈయమ్మ ఏటి తీసిందో మనకెప్పుడికీ తెల్దు. సర్వే మనిషే అయితే రేపు ఇంకో కెమెరాతో వత్తాది. కడిగించి సూత్తే తేలిపోద్ది."

"కడిగించేది ఎవులు? ఈవిడేగా. మద్దెలో మార్సేత్తే?"

"అందాకా మనకాడే ఉంటాది."

ధనుంజయ గొళ్లెం మీద నుంచి వేలు తీశాడు. కాసేపు మాటలు నడిచాయి. నిహారికని ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి తేలిందేమిటంటే, కెమెరా దేవి దగ్గర ఉంటుంది. రీలు మొత్తం అయ్యాకే తీసి కడిగిస్తారని నిహారిక అంది గనక, అప్పుడు ఆమే వచ్చి బయటికి తీస్తుంది. దేవి కూడా వెళ్లి, కళ్లెదురుగా కడిగించి, ఫోటోలు ఊరికి తెస్తుంది. నిహారిక ఫోన్ నంబరు, ఆఫీసు పేరు రాసిచ్చింది.

"రీలు అయ్యాక అన్నావు. ఇంకా అవ్వలేదేటి?" అని దేవి అడిగింది.

"పద్నాలుగు మిగిలాయి."

"మరవి ఎలగ అవుతాయి, కెమెరా మా ఇంట్లో ఉంటే?"

నిహారికకి అక్కడినుంచి బయటపడితే చాలు అనిపించి, "మీరే తియ్యండి" అనేసింది.

ఎవరో నవ్వారు. దేవి నవ్వలేదు. "సూపించు" అంది.

నిహారిక చూపించింది. ఎండ వీపు మీద ఉండాలని, రెండు బారల దూరం కావాలని, నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలని, తర్వాత చక్రం ఇక తిరగనంతవరకు తిప్పాలని. దేవి ప్రతి ముక్కా తిరిగి చెప్పింది, బడిలో అప్పజెప్పినట్టు. వెనక మూత మాత్రం ఎవరినీ తెరవనివ్వొద్దని నిహారిక చివర్న అంది. దేవి మొగుడి వైపు చూసి, "తెరవరు" అంది.

*

జరిగింది నిహారిక ఇంట్లో చెప్పలేదు. కెమెరా ఏదని ఉమాపతి అడిగితే స్నేహితురాలికి ఇచ్చానంది. దాన్ని మళ్లీ చూస్తానని ఆమెకి పెద్ద ఆశ లేదు. కోపం మాత్రం కొన్నాళ్లుంది. ధనుంజయ మీద కాదు, వణికిన తన గొంతు మీద.

పది రోజులకి ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"మేడమ్, నాను దేవిని, దిగువపేట. సెట్టు మొత్తం రావాలంటే ఎంత దూరం జరగాల?"

నిహారికకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత, "ఎంత ఎత్తు చెట్టు?" అంది.

"రెండు మనుసుల ఎత్తు."

"పది పన్నెండు అడుగులు వెనక్కి జరగండి. కెమెరా మీది చిన్న అద్దంలోంచి చూస్తే చుట్టూ కాస్త ఖాళీ కనిపించాలి. అద్దంలో కనిపించిందంతా ఫోటోలో రాదు, అంచులు తెగుతాయి."

"అంత దూరం పోతే నెంబరు కనపడతాదా?"

"కష్టమే."

"నెంబరూ కనపడాల, సెట్టూ కనపడాల."

నిహారిక ఆలోచించింది. ఎదురుగా ఒక పెన్షనుదారు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఒకే చెట్టుకి రెండు తియ్యాలి అయితే. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. కాని అలా తీస్తే ఏడు చెట్లే అవుతాయి."

"మా ముసిలి మావని పక్కన నిలబెడితే?" అంది దేవి. "మనిసుంటే సెట్టెంతో తెలుత్తాది. దగ్గరగా తీసినా సాలు."

"అవును. అది బాగుంటుంది."

ఎందుకు అని నిహారిక అడగలేదు. తర్వాత ఇంకా కొన్నిసార్లు ఫోన్ వచ్చింది. మబ్బుగా ఉంటే మీట ఎటు తిప్పాలని ఒకసారి. చక్రం సగంలో ఆగిపోయింది, గట్టిగా తిప్పనా వద్దా అని ఒకసారి. పిడి తిరుగుతోందా అని నిహారికే ఎదురడిగింది. తిరుగుతోందంది దేవి. "మేడమ్" అనడం మూడో ఫోన్‌కి పోయింది. "అమ్మా" అంటోంది. నిహారిక "దేవక్కా" అంటోంది.

మే మొదట్లో రీలు అయిపోయింది. నిహారిక మళ్లీ దిగువపేట వెళ్లింది. ఈసారి వరండాలో కుర్చీ వేశారు. పిడి పట్టుకుని రీలు మొత్తం వెనక్కి చుట్టుతుంటే ధనుంజయ ఎదురుగా నిలబడి చూశాడు. మూత తెరిచి చిన్న డబ్బా బయటికి తీసి దేవి చేతిలో పెట్టింది. దేవి దాన్ని రుమాల్లో మూటకట్టి బొడ్లో దోపుకుంది.

"ఇంతేనా? ఇంత సిన్న డబ్బాలో ఇన్నున్నాయేటి?" అన్నాడు ధనుంజయ. అది అనుమానం కాదు, ఉత్త ఆశ్చర్యమే.

*

దేవి పలాసలో ప్యాసింజరు ఎక్కింది. నిహారిక కోటబొమ్మాళిలో అదే పెట్టెలోకి ఎక్కింది. పక్కపక్కన కూర్చున్నారు. బండి శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటింది. అప్పుడు దేవి తనే చెప్పడం మొదలుపెట్టింది.

"తిత్లీ తుఫానుకి మాకు సెట్లు సానా పడిపోయాయి. ఇప్పుడున్నవి కొన్ని అప్పుడు మిగిలినవి, కొన్ని తరవాత ఏసినవి. అప్పుడు లెక్క రాయడానికి వచ్చినోలు ఎన్ని సెట్లుండేవి, ఎంత వయసువి అని అడిగినారు. పడిపోయిన సెట్టుని మేము అప్పటికే తీసీసినాం, దారికి అడ్డంగా ఉందని. లేని సెట్టు ఉండేదని ఎలగ సూపించాల? మా మాట రాసుకోలేదు."

"ఫోన్లో ఫోటోలు లేవా?"

"ఉన్నాయి. మా బావ ఫోన్లో తోటంతా ఉంది. సూపిత్తే ఇది ఎప్పుడిదో, ఎక్కడిదో ఏటి నమ్మకమన్నారు. ఆ ఫోనూ తరవాత నీల్లల్లో పడి పోయింది. మొన్న నువ్వొచ్చి ఎల్లాక మావ అన్నాడు, ఫోనుదైతే మార్సేత్తారు, రీలుని మార్సలేరని. నాకది మనసులో పడింది."

తను మొదటిసారి ఆ కెమెరా ఎందుకు కొన్నదో నిహారికకి గుర్తొచ్చింది. ఎక్కడా చూపించక్కర్లేని ఫోటోల కోసం.

మన్మథరావు ల్యాబ్ ఒక మేడ మీద రెండు గదులు. ఆయనకి విషయం ఫోన్లోనే చెప్పారు గనక, రీలు కడిగే గది గుమ్మం దాకా దేవిని రానిచ్చాడు. చీకటి గదిలోకి మాత్రం వీల్లేదన్నాడు. ఆమె తలుపు ముందే స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం తడి పట్టీ క్లిప్పులకి వేలాడింది. ఈసారి దాని మీద చిన్న చిన్న గదులు, గదుల్లో నల్లటి మచ్చలు ఉన్నాయి. ఆరాక కంప్యూటర్లో చూపించాడు.

ముందు సంత. చాలావాటిలో మనుషులు కదిలిపోయి పొగలా ఉన్నారు. ఒకదాంట్లో సగం నిహారిక బొటనవేలే. ఎండుచేపలమ్మే ఆమెది ఒక్కటి బాగా వచ్చింది. దాని కోసం నిహారిక కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత తోట. తెల్ల అంకెలు, వంకర మానులు. ఆ రోజు కళ్లకి కనిపించినంత బాగా ఏదీ లేదు. అన్నీ ఒకటే చెట్టులా ఉన్నాయి. దేవి ఒక్కోటీ ఆపమని చూసింది. అన్నీ చూశాక, "సర్వే కొలతలేవీ లేవు" అంది. "మా బావతో సెప్తాను."

ఆ తర్వాత దేవి తీసినవి. మొదటిది పూర్తిగా నలుపు. రెండోది, మూడోది ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చక్రం సగంలో ఆగిందన్న రోజువి అయ్యుంటాయి. నాలుగోదాంట్లో నూకయ్య ఉన్నాడు. తెల్ల బనీను, భుజం మీద తువ్వాలు, చెయ్యి చెట్టు మీద. చేతి పక్కనే అంకె. తర్వాత దాంట్లోనూ నూకయ్యే, ఇంకో చెట్టు, ఇంకో అంకె. వరసగా అంతే. ఒక ఫోటోలో ఆయన నీరసంగా కూర్చుండిపోయాడు, అంకె తల మీదకొచ్చింది. అంచులు మసగ్గా ఉన్నాయి, ఆకాశం కాస్త పచ్చబడింది. కాని మనిషి తెలుస్తున్నాడు, చెట్టు తెలుస్తోంది, అంకె తెలుస్తోంది.

"ఎవరు తీశారండీ ఇవి?" అన్నాడు మన్మథరావు.

"నానే," అంది దేవి. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు గాని, ఆ ఫోటోలు మళ్లీ మొదట్నుంచి చూపించమంది.

ప్రింట్లు వేయించారు. నెగెటివ్ పట్టీలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఇచ్చాడాయన. దేవి తన ముక్క తనకి కావాలంది, నిహారిక ముక్క నిహారికకి ఇచ్చెయ్యమంది. సరిగ్గా ఇద్దరి ఫోటోలు కలిసే చోట కత్తెర పెట్టాడు. తిరుగు బండిలో తన సంచిలోంచి కెమెరా తీసి నిహారిక ఒళ్లో పెట్టి, "నీది నీకు" అంది దేవి. కెమెరా శుభ్రంగా తుడిచి ఉంది.

*

జూలైలో వానలు పట్టాక దిగువపేటకి మళ్లీ ఇద్దరు వచ్చారు. ఈసారి జీపు లేదు, మోటారు సైకిలు. చేతిలో ట్యాబు ఉంది. చెట్ల వివరాలు సరిచూడమన్నారు, ఎందుకో మాకూ చెప్పలేదు అన్నారు. ఆ ముక్క విని ధనుంజయ కాస్త మెత్తబడ్డాడు.

అప్పటికి ఒక గాలివానకి ధనుంజయ తోటలో ఒక చెట్టు పడిపోయింది. మాను నరికి పొయ్యిలోకి వాడేశారు. వచ్చినవాళ్లు ఆ అంకె కోసం వెతికారు. లేదు. కొట్టేశారని రాస్తామన్నారు. దేవి లోపలికి వెళ్లి ప్రింట్లు, కవర్లో నెగెటివు తెచ్చింది. వాళ్లలో వయసులో చిన్నవాడు పట్టీని వెలుగుకేసి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదేంటి?"

"రీలు. మార్సడానికవ్వదు."

"మా యాప్‌లో ఇక్కడ నిలబడి అప్పటికప్పుడు తీసిందే ఎక్కుతుందమ్మా. ఇవి ఎక్కవు."

"ఎక్కపోతే రాయండి. రాయడానికి సెయ్యుందిగా."

అతను పెద్దవాడి వైపు చూశాడు. పెద్దవాడు ప్రింటు తీసుకుని ఆ చెట్టు ఉన్న చోటుకి నడిచాడు. పక్క చెట్ల వంపులు ఫోటోలోవాటితో పోల్చుకున్నాడు. నూకయ్యని పిలిచి అదే చోట నిలబడమన్నాడు. ముసలాయన నిలబడి, అలవాటుగా చెయ్యి చాచాడు. చెయ్యి ఆనడానికి ఏమీ లేదు. పెద్దవాడు సంచిలోంచి కాగితం తీసి, "గాలికి పడిపోయినది" అని రాసుకున్నాడు. ఆ కాగితం ఎక్కడికి వెళ్తుందని దేవి అడిగింది. పైకి వెళ్తుందన్నాడు.

సాయంత్రం దేవి ఫోన్ చేసి ఇదంతా నిహారికకి చెప్పింది.

"అయితే పని జరిగినట్టేనా దేవక్కా?"

"ఏమో. రాసినాడు. అంతవరకు సూసినాను."

నిహారిక ఏదో ఒకటి అనాలనుకుంది. పైకి వెళ్లిన కాగితాలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. తనూ వాటినే రోజూ ఎక్కిస్తుంది. కొన్ని ఎక్కుతాయి, కొన్ని ఎక్కవు. "మంచిదే" అని మాత్రం అంది.

దేవి ఫోన్ పెట్టెయ్యలేదు. "ఇంకో రీలు కొన్నావా?" అని అడిగింది.

"ఇంకా లేదు. వచ్చే నెల."

"సగం డబ్బులు నానేసుకుంటాను. సగం నువ్వు తియ్యి, సగం నాను."

"మళ్లీ చెట్లా?"

"సెట్లొద్దు. సాలిపోయాయి," అంది దేవి.

ఆగస్టులో ఒక ఆదివారం నిహారిక మూడో రీలుతో వెళ్లింది. వాన తెరిపిచ్చింది. దిగువపేట నుంచి సముద్రం అరగంట నడక. మొగలి డొంకల మధ్య ఇసక దారి. చిన్నప్పట్నుంచీ చూస్తున్న సముద్రాన్ని ఫోటో తియ్యాలని ఎప్పుడూ అనిపించలేదని దేవి దారిలో చెప్పింది. ఇప్పుడు మాత్రం ఎలా వస్తుందో చూడాలని ఉందంది. ధనుంజయ కూడా వెనకే వచ్చాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

దేవి ముందు ఒడ్డుకి లాగి పెట్టిన తెప్పని తీసింది. తర్వాత ఉత్త నీళ్లని తీసింది. ఉత్త నీళ్లు వృథా అని నిహారిక అనబోయి ఊరుకుంది. మూడోసారి కెమెరా ఎత్తేసరికి చిన్న అద్దంలోకి ధనుంజయ వచ్చాడు. లుంగీ దించుకుని, చొక్కా బొత్తాలు పెట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"రెండు బారలు జరుగు," అంది దేవి. "ఎండ నా యెనక ఉండాల. అటు కాదు, ఇటు."

జరిగాడు. అల వచ్చి కాళ్లు తడిసినా కదల్లేదు.

"నవ్వాలేటి?" అని అడిగాడు.

"నీ ఇట్టం."

అతను ఆలోచించుకునేలోగా దేవి ఊపిరి బిగబట్టి నొక్కేసింది.